ట్రాక్ డేకి ఏ టైర్లు? కడప నుంచి పోయి, అవే టైర్ల మీద ఇంటికి రావాలనుకునేవాళ్ళకి

మొన్న రాత్రి పదకొండింటికి ప్రొద్దుటూరు పిల్లోడొకడు ఫోన్ చేసినాడు. "అన్నా, మద్రాసు ట్రాక్ డేకి పేరిచ్చినా, బండికి ఏ టైర్లు ఏపిచ్చమంటావు, సాఫ్ట్ కాంపౌండ్, అంటే మెత్త రబ్బరు, అయితేనే గ్రిప్పు అంటాండారు అందరూ" అని. ట్రాక్ డే అంటే డబ్బులు కట్టి మన బండిని మనమే రేస్ ట్రాక్ మీద తోలే రోజు. ఈ ప్రశ్న నన్నడిగినోళ్ళలో వాడు నాలుగోవాడో ఐదోవాడో. ప్రతిసారీ అరగంట మాట్లాడతా, ఫోన్ పెట్టేసినాక అయ్యో అసలు ముక్క చెప్పనేలేదే అనుకుంటా, మళ్ళీ చేస్తే వాడు నిద్రపోయింటాడు. అందుకే ఒకసారి కూర్చొని రాసి పడేస్తే ఇంకోసారి ఎవరైనా అడిగితే ఇది పంపించి నేను కూడా పడుకోవచ్చు కదా అని.

ముందే చెప్తున్నా, నేను రేసర్ని కాదు. నా దగ్గరుండేది యమహా ఆర్15 వి3 బైకు, 155 సీసీ. పొద్దున్నే దాని మీదే ఎర్రగుంట్ల వైపు డ్యూటీకి పోతా, సాయంత్రం దాని మీదే కూరగాయలు తెస్తా, ఏడాదికి ఒకసారి దాన్నే తీసుకొని ట్రాక్‌కి పోతా. ఇప్పటికి మూడుసార్లు పోయినా, మూడుసార్లూ శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైకే. ఎంఎంఆర్‌టీ, అంటే మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్, అంటే అందరికీ తెలుసు, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మొదటిసారి తప్పుడు టైర్లతో పోయినా, రెండోసారి ఇంకా పెద్ద తప్పుడు టైర్లతో పోయినా, మూడోసారి కుదిరింది. కాబట్టి ఏం చేయకూడదో నాకు బాగా తెలుసు.

అసలు మెలిక ఎక్కడుందంటే, ఇంటర్నెట్లో ట్రాక్ టైర్ల గురించి చెప్పేవాళ్ళంతా బండిని టెంపోలో ఏసుకొని వచ్చే బాపతు. ట్రాక్ దగ్గర దింపుతారు, స్టాండ్ ఎత్తుతారు, జనరేటర్ పెట్టి టైర్లకి దుప్పట్లు చుట్టినట్టు వార్మర్లు చుట్టి 80 డిగ్రీలకి తెచ్చుకుంటారు, సాయంత్రం మళ్ళీ టెంపో ఎక్కిస్తారు. మనమేమో తెల్లవారుజామున మూడింటికి కోటిరెడ్డి సర్కిల్ దగ్గర టీ తాగి, ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు, ఇట్లా రెండొందల యాభై కిలోమీటర్లు తొక్కుకుంటా పోయి, ట్రాక్ మీద తిరిగి, మళ్ళీ అదే దారిన అవే టైర్లతో ఇంటికి రావాలి. మన టైరు హైవే మీద నిటారుగా పోవాలి, గేదె అడ్డమొస్తే ఆగాలి, వాన పడితే నిలబడాలి, మధ్యలో ఆ 12 మలుపులూ తిరగాలి. ఇది మరిచిపోయి సాఫ్టా మీడియమా అని కొట్లాడుకోవడం ఊరికే టైం దండగ.

మొదటిసారి సంగతి చెప్తా. 2022 ఫిబ్రవరి. బండితో వచ్చిన టైర్లే, 22 వేలు తిరిగినాయి, చూడ్డానికి గాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి కదా పదివేలు ఎందుకు తగలెయ్యాలి అనుకున్నా. రోజూ ఎర్రగుంట్ల రోడ్డు మీద నిటారుగా పోయి పోయి వెనక టైరు నడిమధ్యలో బల్లపరుపు అయిపోయింది, అంచులేమో కొత్తవి లాగ గుండ్రంగా ఉన్నాయి. ఇట్లాంటి టైరు వంచితే ఏమవుతుందంటే, బండి నిదానంగా వంగదు, ఆ బల్లపరుపు దాటేదాకా మొరాయించి ఒక్కసారిగా దభీమని పక్కకి పడినట్టు వంగుతుంది. రోడ్డు మీద ఆ తేడా మనకి తెలియదు, ఎందుకంటే రోజుకింత అలవాటైపోతాం. ట్రాక్ మీద రెండో ల్యాప్‌లోనే తెలిసిపోయింది, ప్రతి మలుపులో హ్యాండిల్ పట్టుకొని బతిమాలినట్టే ఉండింది.

దానికి తోడు గాలి. బయల్దేరే ముందురోజు ఇంటి దగ్గర పంచర్ షాపులో "దూరం పోతాండా, బాగా కొట్టు" అన్నా. ఆయన మీటర్ చూసి కొట్టినాడో వేలితో నొక్కి చూసి కొట్టినాడో దేవుడికే ఎరుక. ట్రాక్ దగ్గర చెకింగ్‌లో ఒకాయన గాలి కొలిచే గేజ్ పెట్టి చూస్తే చల్లటి టైర్లో ముందు 36 పిఎస్ఐ, వెనక 40. పిఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత. నా బండికి కంపెనీ చెప్పింది 29, 33. ఆయన నా మొఖం చూసి "వాట్ ఈజ్ దిస్, లారీ ఆ?" అన్నాడు. అప్పటికే నాకు భయంతో కడుపులో తిప్పుతాంది, దానికి తోడు ఇదొకటి.

లారీ అంటే మా పెదనాయన గురించి చెప్పాలి. ఆయన జీవితమంతా కడప బండలు మద్రాసుకి తోలిన మనిషి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ లేనప్పుడు రేసులు షోళవరంలో జరిగేవి, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద. ఊత్తుకోట్టై దారిన లోడు ఏసుకొని పోయేటప్పుడు ఆ పక్కన లారీ ఆపి ఒకట్రెండు సార్లు చూసినాడంట, జనం ఎట్లుంటారంటే తిరనాళ్ళే అంటాడు. ఆయనకి టైరంటే ఇంట్లో మనిషితో సమానం. ఇప్పటికీ నేను బండి ఇంటి ముందర పెడితే చాలు, వచ్చి అరచెయ్యి టైరు మీద ఆనిస్తాడు. ఎంత వేడెక్కిందో చూసి గాలి ఎంతుందో చెప్తాడు. "గాలి తక్కువుంటే టైరు నలుగుతాది, నలిగితే కాగుతాది, కాగితే పగులుతాది" ఇదీ ఆయన లెక్క. మే నెల 44 డిగ్రీల ఎండలో ముద్దనూరు రోడ్డు మీద టైరు పేలి పక్కకి ఒరిగిన లారీలను చూసిన మనిషి మాట అది.

ఇప్పుడు చూడండి తమాషా. ట్రాక్ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ ఏం చెప్పినాడంటే, గాలి తగ్గించు అన్నాడు. పెదనాయనేమో తగ్గిస్తే పేలుతుంది అంటాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. ఇంటికొచ్చి కొన్ని రోజులు చదివినాక అర్థమైంది ఏందంటే ఇద్దరూ ఒకే మాట చెప్తాండారు, ఇద్దరికీ కావాల్సింది మాత్రం వేరు. గాలి తగ్గిస్తే టైరు పక్కలు ఎక్కువ నలుగుతాయి, ఆ నలుగుడికి రబ్బరు వేడెక్కుతుంది. లారీ ఆయనకి పది గంటలు ఆపకుండా పోవాలి, ఆ వేడి ఆయనకి యముడు. ట్రాక్ మీద మనం తిరిగేది సెషన్‌కి పదిహేను ఇరవై నిమిషాలు, అంతలోపల రబ్బరు వేడెక్కి మెత్తబడకపోతే తారుని పట్టుకోదు, ఆ వేడే మనకి కావాల్సింది. పైగా వేడెక్కితే లోపల గాలి కూడా ఉబ్బుతుంది. 30 పిఎస్ఐ దగ్గర చూస్తే సుమారు ఏడు డిగ్రీలకి ఒక పిఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 27 పెట్టిన టైరు పాతిక డిగ్రీలు వేడెక్కితే 30 దాటుతుంది. నేను 36తో ఎక్కుంటే రెండు ల్యాపుల్లో 40. అంత గట్టిగా ఉబ్బిన టైరు రోడ్డుకి ఆనుకునేదే అరచేయంత జాగా, అది కూడా ఇంకా తగ్గిపోతుంది.

కాబట్టి టైరు కంపెనీ పేరు అడగక ముందు ఒక మంచి గేజ్ కొనుక్కోండి. నిజంగా చెప్తున్నా. జేబులో పట్టేది, డిజిటల్‌దో ముల్లుదో ఏదో ఒకటి, పెట్రోల్ బంకు మీటర్ని నమ్మొద్దు పంచర్ షాపు మీటర్ని అస్సలు నమ్మొద్దు, ఒక్కోచోట ఒక్కో నంబర్ చూపిస్తుంది. మీ గేజ్ ఒక పిఎస్ఐ తప్పు చూపించినా నష్టం లేదు, రోజూ అదే తప్పు చూపిస్తే చాలు. ఒక చిన్న కాగితం మీద చల్లగా ఎంత పెట్టినావు, దిగంగానే వేడిగా ఎంతుంది, టైం ఎంత, ఎండ ఎట్లుంది రాసుకో. దిగంగానే అంటే దిగంగానే, హెల్మెట్ తీసి నీళ్ళు తాగి కబుర్లు చెప్పి అప్పుడు చూస్తే కాదు, అప్పటికి చల్లారిపోతుంది. నేను మూడోసారి పోయినప్పుడు చల్లగా ముందు 27, వెనక 28తో మొదలుపెట్టినా, పొద్దున సెషన్ అయ్యేసరికి 30, 31, మధ్యాహ్నం తారు మీద చెయ్యి పెట్టలేని వేడిలో ఇంకో పిఎస్ఐ పైకి పోతే అంత మేర తీసేసినా. ఇవి నా బరువుకి నా బండికి నా టైర్లకి కుదిరిన నంబర్లు, కాపీ కొట్టొద్దు, టైరు కంపెనీ ఏం చెప్తుందో, ట్రాక్ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ ఏం చెప్తాడో అడిగి అక్కడ మొదలుపెట్టండి.

గాలి అంటే చిన్న విషయం అనుకునేవాళ్ళు మోటోజీపీ, అదే ప్రపంచంలో పెద్ద బైకు రేసులు, చూడండి. అక్కడ ముందు టైర్లో ఇంత కంటే తక్కువ ఉండకూడదని రూలే ఉంది, 2023లో 1.88 బార్, 2024 నుంచి 1.80 బార్ చేసినారు, అంటే మన లెక్కలో 26 పిఎస్ఐ చిల్లర. దాని దగ్గర తేడా వస్తే పెనాల్టీలు పడతాయి. ఇంకొకరి వెనకాల అంటుకొని పోతే గాలి తగలక ముందు టైరు కాగి ప్రెషర్ పెరిగిపోతుంది, ఒంటరిగా పోతే తగ్గుతుంది, దాని మీద పెద్ద పెద్ద ఇంజనీర్లు లెక్కలు ఏస్తారు. వాళ్ళకే అంత తలనొప్పి ఉంటే వేలితో నొక్కి చూసి సరిపోయిందిలే అనుకునే మనమెంత.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేమ ఉండదు కాబట్టి కొంచెం నయం, అంతే. దాని కోసం ఊరంతా తిరగొద్దు.

ఇంక రెండోసారి. 2023 జనవరి. ఈసారి తెలివి మీరిపోయినా. మొదటిసారి దెబ్బ తిన్నాం కదా, పాత టైర్లు తీసి పారేసి మంచివి ఏపిద్దామని బయల్దేరినా. మా బావ ఒకడున్నాడు, వాడి బండికి 150 మిల్లీమీటర్ల వెడల్పు వెనక టైరు ఏపిచ్చుకొని ఏడురోడ్ల దగ్గర పెట్టి ఫోటోలు దిగుతుంటాడు, చూడ్డానికి నిజంగా బాగుంటుంది, పెద్ద బండి లాగ కనిపిస్తుంది. "లావు టైరు అంటే ఎక్కువ రబ్బరు, ఎక్కువ రబ్బరు అంటే ఎక్కువ గ్రిప్పు, ఇంతే కదా మామా" అన్నాడు. నేనూ తల ఊపినా. ఆర్15 వెనక కంపెనీ సైజు 140/70 ఆర్17, నేను పోయి 150/60 ఏపిచ్చుకున్నా. ముందర టైరు మార్చలేదు. డబ్బులు అయిపోయినాయి.

దీంట్లో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టండి. రిమ్ము వెడల్పు 140 టైరుకి తగ్గట్టు చేసినారు. దాని మీద లావు టైరు ఎక్కిస్తే పక్కలు లోపలికి నొక్కుకుపోయి టైరు నెత్తి కోడిగుడ్డు మొన లాగ తేలుతుంది. అంటే లావు టైరు కొని సన్నగా వాడుకున్నట్టు. కొసల దాకా వంచినా చివర రబ్బరు రోడ్డుకి తగలనే తగలదు. బరువు పెరిగింది కాబట్టి మలుపులో దించడానికి లేపడానికి కష్టం, 19 హార్స్ పవర్ ఉండే బండికి ఆ బరువు లాగే ఓపిక యాడుంది. పైగా 60 అనేది టైరు ఎత్తు, వెడల్పులో ఎంత శాతం అని. 140లో 70 శాతం అంటే 98 మిల్లీమీటర్లు, 150లో 60 శాతం అంటే 90. అంటే బండి వెనక ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగింది, ముందు అట్లే ఉంది, దాంతో బండి మలుపు తిరగడానికి ఇంకా బద్ధకించింది. కంపెనీవాళ్ళు ఏదో లెక్క ఏసుకొని పెట్టిన సైజుని ఏడురోడ్ల కూడలిలో ఫోటో కోసం మార్చినా, అంతే.

అన్నిటికంటే పెద్ద తప్పు ముందు టైరుని వదిలేయడం. మనోళ్ళు చానామంది ఇట్లే చేస్తారు, వెనకది కనిపిస్తుంది కాబట్టి వెనకది మారుస్తారు. బ్రేక్ కొట్టి మలుపులోకి దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదే పడుతుంది. వెనక టైరు జారితే తోక ఆడించినట్టు ఆడుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు టైరు జారితే సర్దుకునే టైం ఉండదు, ఏమైందో అర్థమయ్యేలోపల కంకరలో కూర్చోనుంటావు. జేబులో ఒక టైరుకే డబ్బులుంటే ముందుది మార్చు, రెండింటికీ వచ్చేదాకా ఆగి రెండూ ఒకే కంపెనీ ఒకే మోడల్ ఏపిచ్చుకుంటే ఇంకా మంచిది.

ఆ 150 టైరు కొన్న షాపు పేరు వద్దులే, ఇంటికొచ్చినాక పక్కన రాసుండేది చూస్తే అప్పుడు తెలిసింది అది మూడేళ్ళ కిందటి సరుకని. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే పెద్ద కోడ్ ఉంటుంది, దాని చివర్లో నాలుగు అంకెలు చిన్న గుడ్డు ఆకారం గీతలో ఉంటాయి. 4619 అంటే 2019లో 46వ వారం. నేను కొనింది 2023 జనవరిలో. మూడేళ్ళు రేకుల షెడ్డులో కడప ఎండాకాలాలు చూసిన రబ్బరు అది. గోరు పెట్టి నొక్కితే దిగదు. గాళ్ళు నిండుగా ఉంటాయి, మెరుస్తా ఉంటుంది, కొత్తదే, అయినా లోపల మెత్తదనం పోయింటుంది. చెప్పుల షాపులో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా పడున్న హవాయి చెప్పులు చూసినారా, ఏసుకున్న నెలకే పట్టీ తెగిపోతుంది, అట్లా అన్నమాట. కాబట్టి డబ్బులిచ్చే ముందు వంగి ఆ నాలుగంకెలు చూడండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ.

పక్కన ఇంకేం రాసుంటుందో కూడా చెప్పేస్తా ఎట్లా వంగినారు కాబట్టి. 140/70 ఆర్17 66హెచ్ అంటే 140 వెడల్పు మిల్లీమీటర్లలో, 70 ఎత్తు శాతం, ఆర్ అంటే రేడియల్, 17 రిమ్ము అంగుళాలు, 66 మోయగలిగే బరువు కోడ్, 300 కిలోలు, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా. పి ఉంటే 150, ఎస్ ఉంటే 180, వి అయితే 240. ఆర్ బదులు ఊరికే గీత ఉంటే అది బయాస్, అంటే లోపల దారాలు అడ్డదిడ్డంగా అల్లింటారు. బయాస్ పక్కలు గట్టి, వేడి త్వరగా బయటికి పోదు. రేడియల్ పక్కలు మెత్తగా వంగుతాయి, రోడ్డు మీద పరుచుకుంటాయి, స్పీడులో స్థిరంగా ఉంటాయి. వి3కి కంపెనీ ముందు బయాస్, వెనక రేడియల్ ఇచ్చింది. దాన్ని తిరగేసి ముందు రేడియల్ వెనక బయాస్ మాత్రం ఏపిచ్చొద్దు. టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, తిరిగే దిక్కు. అది కూడా చూసుకోండి, నాకు ఒకసారి ఉల్టా ఎక్కించి ఇచ్చినారు, ఇంటికొచ్చినాక మా పాప చూసి చెప్పింది.

సరే ఆ 150తోనే బయల్దేరినా. కోడూరు దాటంగానే, ఇంకా చీకటే, రోడ్డు పక్కన బొప్పాయి లారీలు నిలబడున్నాయి, బండి వెనక తోక ఊగినట్టు అనిపించింది. దిగి చూస్తే రెండంగుళాల మేకు. ట్యూబ్‌లెస్ కాబట్టి కిట్ తీసి జిగట పట్టీ దూర్చి గాలి కొట్టుకొని పోయినా, ఇంటి నుంచి ఎర్రగుంట్లకి పోయిరావడానికి అయితే అది చాలు. ట్రాక్ దగ్గర ఆ చెక్ చేసే ఆయన టైరు తిప్పి చూసి ఆ పట్టీ మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపినాడు. నేను బతిమాలినా. ఆయన చెప్పింది ఒకటే, ఇక్కడ టైరు కాగుతుంది, వంగుతుంది, నలుగుతుంది, వందకి పైన పోతా ఉంటే ఆ పట్టీ ఊడొచ్చిందంటే నువ్వొక్కడివే కాదు నీ వెనకొచ్చేవాడు కూడా పడతాడు. నిజమే కదా. ఆ రోజంతా గోడ దగ్గర కూర్చొని వేరేవాళ్ళు తిరుగుతుంటే చూసినా. కట్టిన డబ్బులు పోయినాయి, లీవు పోయింది, ఇంటికి ఫోన్ చేసి బాగా జరుగుతాంది అని అబద్ధం చెప్పినా.

అయితే ఆ రోజు కూర్చొని చూడ్డం వల్ల నేర్చుకున్నంత బండి తోలితే నేర్చుకోలేదేమో. నా బండి లాంటి ఆర్15తోనే ఒక ముసలాయన, యాభై దాటుంటాయి, కంపెనీ సైజు టైర్లే, కొత్తవి, మామూలు స్పోర్ట్ రోడ్డు టైర్లు, పెద్ద పెద్ద బండ్లని మలుపుల్లో దాటి పోతాండాడు. పక్కన ఇంకొకడు కేటీఎం 390 మీద, రేస్ కాంపౌండ్ టైర్లు, వార్మర్లు లేవు, పొద్దున మొదటి సెషన్లో మొదటి ల్యాప్‌లోనే పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు, లెదర్ సూట్ చిరిగింది. రేస్ రబ్బరు చల్లగా ఉంటే ప్లాస్టిక్ లాంటిది, అది పనిచేసే వేడి వేరు. రోడ్డు స్పోర్ట్ టైరుని ఎట్లా చేస్తారంటే, చల్లగా ఉన్నప్పుడు కూడా ఒక మోస్తరుగా పట్టుకోవాలి, వానలో నీళ్ళు పోవడానికి గాళ్ళు ఉండాలి, నడిమధ్యలో గట్టి రబ్బరు హైవే కోసం. కొన్నిట్లో అంచుల్లో వేరే మెత్త రబ్బరు ఏస్తారు మలుపుల కోసం, డ్యూయల్ కాంపౌండ్ అంటే అదే. రేస్ టైరు ఏసుకొని కడప నుంచి పోతే మద్రాసు చేరేలోపలే నడిమధ్య బాగా అరిగిపోతుంది, దానికి ఒకసారి కాగి చల్లారితే కొంచెం గట్టిపడే గుణం కూడా ఉంది, అట్లా రోజూ ఆఫీసుకి కాగి చల్లారి కాగి చల్లారి నెలకి బండ అయిపోతుంది. కడప బండ.

వేడెక్కించడానికి కొందరు బండిని అటూ ఇటూ పాములాగ తిప్పుతుంటారు, టీవీలో కార్లని చూసి. బైకుకి దానివల్ల వచ్చేది పెద్దగా ఏమీ లేదు, చల్లటి టైరుని ఊరికే వంచడమే. నిటారుగా ఉన్నప్పుడు గట్టిగా లాగు, నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేక్ కొట్టు, రెండు ల్యాపులు అట్లా చెయ్, అప్పుడు కాగుతుంది.

మూడోసారి, 2024 ఫిబ్రవరి. ముందూ వెనక రెండూ కంపెనీ సైజే, పిరెల్లీ డయాబ్లో రోస్సో స్పోర్ట్, చిన్న బండ్ల కోసం చేసే మోడలే అది, రెండు టైర్లూ బిగింపుతో కలిపి పదివేలకి కాస్త అటూ ఇటూ అయింది. ఇదే కొనమని చెప్పట్లేదు. మిషెలిన్ పైలట్ స్ట్రీట్ ఏసుకున్నోళ్ళు ఉన్నారు, టీవీఎస్ యూరోగ్రిప్‌లో ప్రోటార్క్ ఎక్స్‌ట్రీమ్ ఉంది, 110/70, 150/60 సైజులుండే కేటీఎం, అపాచీ ఆర్‌ఆర్ 310 లాంటి బండ్లకైతే అపోలో ఆల్ఫా హెచ్1, పిరెల్లీ రోస్సో పెద్ద మోడళ్ళు, మెట్జెలర్ ఎం9, ఇట్లా చాయిస్ ఎక్కువ. అపోలోవాళ్ళ ప్లాంటు మన సత్యవేడు పక్కన చిన్నపాండూరులోనే పెట్టినారు కదా, మన పక్కూరి కంపెనీ అని మురిసిపోవచ్చు. నా బుర్రకి తట్టింది ఏందంటే ఈ వరుసలో ఏది తీసుకున్నా మన లెవెల్‌కి టైరు అడ్డం కాదు, మనమే అడ్డం. ఒకటి మాత్రం, ట్రాక్‌కి నాలుగు రోజుల ముందు ఏపిచ్చుకోవద్దు. కొత్త టైరు పైన ఒక నున్నటి మెరుపు ఉంటుంది, అది పోయేదాకా వంద నూటయాభై కిలోమీటర్లు మెల్లగా తోలాలి. నేను రెండు వారాల ముందు ఏపిచ్చుకొని గువ్వలచెరువు ఘాట్ మీద రెండుసార్లు నిదానంగా పోయి పాలకోవా తిని వచ్చినా. నిదానంగా అని రాసినా చూడండి. ఆ ఘాట్‌ని ట్రాక్ అనుకొని మోకాలు ఆనించే పిల్లోళ్ళు ఉన్నారు, అక్కడ ఎదురుగా వచ్చేది లోడు లారీ, దానికి బ్రేకులు ఎట్లుంటాయో మా పెదనాయన్ని అడగండి చెప్తాడు.

పిల్లోళ్ళ ఇంకో పిచ్చి చికెన్ స్ట్రిప్స్. టైరు అంచుల్లో అరగని పట్టీ ఉంటే వంచడం రాదు, భయస్తుడు అని ఎగతాళి. ఒకడు ఉప్పుకాగితంతో అంచులు రుద్దుకొని ఫోటో పెట్టినాడు, మా బావ కాదు, బావ స్నేహితుడు. అంచు అరగడం ఒక్కటి చూసి ఏం తెలియదు. సెషన్ అయినాక టైరు మొత్తం చూడండి, పైన సమంగా సన్నటి గరుకు కాగితం లాగ ఉండి అంచుల్లో చిన్న చిన్న ఉండలు, ఒళ్ళు రుద్దితే మట్టి పేలికలు వస్తాయి చూడు, అట్లా వచ్చింటే మంచిదే. పెచ్చులు పెచ్చులుగా చిరిగినట్టు ఉంటే గాలి లెక్కో సస్పెన్షన్ లెక్కో తప్పిందని, అప్పుడు తెలిసినోళ్ళని పిలిచి చూపించండి.

ఆ రోజు ఆరు సెషన్లు తిరిగినా. రెండోదానికి ఎక్కడ వంగాలో భయం పోయింది, మూడోదానికి మెయిన్ స్ట్రెయిట్ చివర్లో సీ-వన్ అనే మొదటి మలుపు దగ్గర బ్రేక్ ఇంకొంచెం లేటుగా పట్టుకోవచ్చని తెలిసింది, నాలుగోదానికి ఎక్కువ తెలివి వచ్చి వెనక టైరు ఒకసారి చిన్నగా జారి మళ్ళీ పట్టుకుంది, ఆ జారడం కూడా చెప్పి జారినట్టు ఉండింది, మొదటిసారి లాగ దభీమని కాదు. టైరు మాట్లాడుతుంది అంటారు కదా, అప్పటిదాకా అది ఊరికే గొప్పలకి చెప్తారనుకున్నా. మధ్యాహ్నం భోజనం టైంకి పోయినసారి చూసిన ఆ యాభై దాటిన ఆయన వచ్చి నా గాలి లెక్కల కాగితం చూసి నవ్వి, వెనక ఇంకో అర పిఎస్ఐ తియ్ అన్నాడు. తీసినా. ఆయన చెప్పింది కరెక్టే.

సాయంత్రం బయల్దేరే ముందు శ్రీపెరుంబుదూరులో బంకు దగ్గర ఆగి, టైర్లు చల్లారేదాకా టీ తాగి, నా గేజ్ పెట్టి మళ్ళీ 29, 33కి కొట్టించుకున్నా. ఇది మరిచిపోవద్దు ఎవరూ. ట్రాక్ గాలితో, బ్యాగు ఏసుకొని, రెండొందల యాభై కిలోమీటర్లు పోతే అక్కడ పెదనాయన లెక్కే పనిచేస్తుంది. రాత్రి పదకొండు దాటింది ఇల్లు చేరేసరికి.

పొద్దున లేచి చూస్తే పెదనాయన అప్పటికే బండి దగ్గర ముక్కాలి పీట ఏసుకొని కూర్చోనుండాడు. వెనక టైరు మెల్లగా తిప్పి చూస్తాండాడు, ఒక పక్క వేలితో నిమిరి, ఇంకో పక్క నిమిరి.

"ఏమిరా అబ్బీ, కుడి పక్కే అంత అరిగింది, చక్రం వంకర పోయిందా?"

"లేదు పెదనాయనా, ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాది, కుడి మలుపులే ఎక్కువ, అందుకే."

ఆయన ఇంకోసారి నిమిరి చూసినాడు. కాసేపు ఆలోచించినాడు.

"మల్ల ఇంకోసారి పోయినప్పుడు ఎడం పక్కకి తిరగనీమని చెప్పు వాళ్ళకి. టైరు సరిసమానం అయితాది."